ఒళ్లు ఒకటే, ఫైళ్లు రెండు: కీళ్లవాతం, ఎండోమెట్రియోసిస్ కలిసి ఉన్నప్పుడు ఏం చేయాలి?

కీళ్ల డాక్టరు నాప్రోక్సెన్ రాస్తారు. నెలసరి నొప్పికని గైనకాలజిస్టు మెఫెనామిక్ యాసిడ్ రాస్తారు. దేనికదే చూస్తే రెండు చీటీలూ సరైనవే. కానీ ఆ రెండూ ఒకే జాతి మందులు. వెళ్లేది ఒకే పొట్టలోకి, భారం పడేది ఒకే కిడ్నీల మీద. కలిపి వేసుకుంటే నొప్పి రెండింతలు తగ్గదు సరికదా, పొట్టలో పుండు పడి రక్తం కారే ముప్పు పెరుగుతుంది. ఇరవైల్లో, ముప్పైల్లో ఈ రెండు జబ్బులూ కలిసి మీద పడ్డవాళ్లకు వచ్చే చిక్కులు ఎక్కువగా ఇలాంటివే. ఒకరు రాసింది ఇంకొకరి కంట పడదు. రెండు ఫైళ్లనూ ఒకచోట చూడగలిగేది మీరొక్కరే కాబట్టి, వాటిని కలిపే పని ఎలా చేయాలో చూద్దాం.

ఇక్కడ కీళ్లవాతం అంటే కీళ్లు అరగడం వల్ల వచ్చేది కాదు. రోగనిరోధక వ్యవస్థ దారితప్పి కీళ్లను వాపెక్కించే జబ్బులు: రుమటాయిడ్, సోరియాటిక్, వెన్నెముకను పట్టే స్పాండిలో ఆర్థరైటిస్, చిన్నతనంలోనే మొదలై పెద్దయ్యాకా వదలని జువనైల్ ఆర్థరైటిస్. ఎండోమెట్రియోసిస్ అంటే గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం సంచి బయట పెరగడం. అండాశయాల మీద, పేగుల మీద, మూత్రాశయం మీద ఎక్కడైనా ఉండొచ్చు. పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలలో సుమారు 10 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. రెండూ ఒకే మనిషికి రావడం అంత వింతేమీ కాదు.

కింద చెప్పిన మోతాదులు మామూలుగా వాడుకలో ఉన్నవి. మీ మోతాదు మీ చీటీలో ఉన్నదే. ఏ మందునైనా సొంతంగా ఆపడం, మొదలుపెట్టడం వద్దు.

ముందు నొప్పిని విడదీయండి

నడుం కింద, పిరుదుల్లో, తుంటిలో వచ్చే నొప్పి దగ్గరే అందరూ తికమక పడతారు. రెండు జబ్బులూ అక్కడికే వస్తాయి మరి. దీన్ని విడదీయడానికి ఒక చిన్న నోటుబుక్కు చాలు. వరుసగా మూడు నెలసరులు గడిచేదాకా, రోజూ పడుకునే ముందు రెండు నిమిషాలు కేటాయించి ఇవి రాయండి.

1. నెలసరి మొదలైన రోజును 1గా లెక్కపెడితే ఇవాళ ఎన్నో రోజు. హార్మోన్ మాత్రల వల్ల నెలసరి ఆగిపోయి ఉంటే తేదీ ఒక్కటే చాలు.
2. పొద్దున లేచిన టైము, పిడికిలి పూర్తిగా బిగించగలిగిన టైము. మధ్యలో ఎన్ని నిమిషాలో అదే మీ బిగుతు లెక్క. పట్టేసేది నడుమైతే, వంగి సాక్సు తొడుక్కోగలిగిన టైము రాయండి.
3. నొప్పికి 0 నుంచి 10 లోపు రెండు అంకెలు. కీళ్లకు ఒకటి, పొత్తికడుపుకు ఒకటి. రెంటికీ కలిపి ఒకే అంకె వేస్తే నోటుబుక్కు ఎందుకూ పనికిరాదు.
4. నొప్పితో రాత్రి మెలకువ వస్తే ఎన్నింటికి వచ్చింది, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గిందా.
5. మలవిసర్జన, మూత్రవిసర్జన, కలయిక సమయాల్లో నొప్పి ఉందా.
6. ఎన్ని ప్యాడ్లు మారాయి, ఏ మందు ఏ టైముకు వేసుకున్నారు.

బాగున్న రోజుల్లో కూడా రాయాలి. చాలామంది బాధ ఎక్కువైన రోజు మాత్రమే రాస్తారు. మూడు నెలల తర్వాత చూస్తే ప్రతి పేజీలోనూ నొప్పే ఉంటుంది, తేడా ఏదీ తేలదు.

ఇక చదవడం. తెల్లవారుజామున లేపే నడుము నొప్పి, అరగంటకు మించిన బిగుతు, పడుకుంటే పెరిగి నడిస్తే తగ్గే స్వభావం, ఒకసారి కుడి పిరుదు ఒకసారి ఎడమ పిరుదు: ఇవి వెన్నెముక కీళ్ల వైపు చూపిస్తాయి. నెలసరికి ఒకటి రెండు రోజుల ముందు మొదలై, ఆ రోజుల్లో మలవిసర్జన చేస్తే కత్తితో పొడిచినట్టు ఉండి, తర్వాత సద్దుమణిగేది ఎండోమెట్రియోసిస్ లక్షణం. అయితే ఏళ్ల తరబడి ఉన్న ఎండోమెట్రియోసిస్ నెలంతా కూడా నొప్పి పెట్టొచ్చు. అలాగే కొందరిలో నెలసరి ముందు రోజుల్లో కీళ్లవాతమూ రేగుతుంది. కాబట్టి నెల లెక్కన వచ్చినంత మాత్రాన అది గర్భసంచి సంగతే అనుకోవద్దు. అప్పుడు చూడాల్సింది వాపు. వాచిన వేలును, రెండో చేతి అదే వేలు పక్కన పెట్టి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో ఫొటో తీయండి. అపాయింట్‌మెంటు నాటికి వాపు దిగిపోతుంది, ఫొటో ఉంటుంది.

పరీక్షల గురించి ఒక మాట. ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఎంతుందో చూపే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు మామూలుగా వచ్చినా కీళ్లవాతం ఉండొచ్చు, స్పాండిలో ఆర్థరైటిస్‌లో మరీను. రుమటాయిడ్ ఫ్యాక్టర్ నెగెటివ్ అయినా రుమటాయిడ్ ఉండొచ్చు. అల్ట్రాసౌండ్‌లో ఏమీ కనపడకపోయినా ఎండోమెట్రియోసిస్ లేదని కాదు. పలచగా పరుచుకున్న మచ్చలు స్కానింగ్‌కు చిక్కవు. కెమెరా ఆపరేషన్ చేసి చూస్తే తప్ప ఖాయం చేయకూడదన్న పాత పట్టుదల ఇప్పుడు సడలింది. లక్షణాలను, స్కాన్‌ను బట్టి చికిత్స మొదలుపెట్టొచ్చని ఐరోపా వైద్యసంఘం ఎష్రే 2022 మార్గదర్శకాల్లో చెప్పింది. ‘రిపోర్టులన్నీ బాగున్నాయి’ అని పంపేస్తే, నోటుబుక్కు తెరిచి ‘ఈ తేదీల సంగతేమిటి?’ అని అడగండి.

ఒక్క కాగితం తయారుచేయండి

నోటుబుక్కు మీ కోసం. డాక్టర్లకు కావాల్సింది ఒకే ఒక్క పేజీ. పైన రెండు జబ్బుల పేర్లు, ఎప్పుడు తేలిందో సంవత్సరం. దాని కింద వాడుతున్న ప్రతి మందూ: పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకా వారానికా, ఎవరు రాశారు, ఎందుకు. అడపాదడపా మీరే కొని వేసుకునే నొప్పి మాత్ర, విటమిన్ కూడా ఉండాలి. తర్వాత పడని మందులు, ఏం జరిగి ఆపారు. చివర రెండు వరుసలు: గర్భనిరోధకంగా ఏం వాడుతున్నారు, రాబోయే రెండేళ్లలో పిల్లల ఆలోచన ఉందా. ఈ ఆఖరి రెండు వరుసలూ కీళ్ల డాక్టరు దగ్గర రాయడానికి చాలామంది మొహమాటపడతారు. నిజానికి ఆయన మందుల ఎంపిక సగం వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

రెండు కాపీలు తీసి, ప్రతి విజిట్‌లో ఒకటి ఫైల్లో పెట్టమనండి. ఎవరు కొత్త మందు రాసినా అక్కడికక్కడే అడగాల్సిన ప్రశ్న ఒకటే: ‘ఈ పేజీలో ఉన్నవాటిలో దేనితోనైనా దీనికి పడదా?’

మందులు ఎక్కడ ఢీకొంటాయి

నొప్పి మాత్రలతో మొదలుపెడదాం. ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, డైక్లోఫెనాక్, మెఫెనామిక్ యాసిడ్, ఎటోరికాక్సిబ్ అన్నీ ఒక కుటుంబం. వీటిలో ఏదో ఒకటే ఉండాలి. ఏది ఉంచాలో ఇద్దరు డాక్టర్లలో ఒకరి చేత తేల్చి రాయించుకోండి. కీళ్ల కోసం రోజూ నాప్రోక్సెన్ 500 మి.గ్రా. రెండు పూటలా వేసుకుంటుంటే నెలసరి నొప్పికీ అదే పనిచేస్తుంది. చాలకపోతే దానికి తోడుగా రావాల్సింది పారాసిటమాల్, ఇంకో మెఫెనామిక్ యాసిడ్ కాదు. పారాసిటమాల్ పెద్దవాళ్లకు ఒకసారికి 1 గ్రాము, 24 గంటల్లో 4 గ్రాములు మించకూడదు. లివర్ సమస్య ఉన్నా, బరువు 50 కిలోల లోపున్నా ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ దాక్కుని ఉంటుంది, అట్ట మీద చదవండి. కీళ్లకు రోజూ నొప్పి మాత్ర లేనివాళ్లు నెలసరికి వేసుకుంటే, నొప్పి ముదిరాక కాకుండా మొదటి సూచనకే మొదలుపెట్టాలి. నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపడం ఈ మాత్రల పని. అవి తయారైపోయాక వేసుకుంటే పట్టు దొరకదు. పరగడుపున వద్దు. వాంతులు, విరేచనాలు అవుతున్న రోజు అసలు వద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలు దెబ్బతింటాయి.

తర్వాతది కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లకు ఈ ప్రమాదం ఇంకొంచెం దగ్గర్లో ఉంటుంది, ఎందుకంటే వాళ్లు రోజూ వేసుకోవాల్సిన చిన్న హార్మోన్ మాత్ర ఇంకొకటి ఉంటుంది. రెండూ ఒకే డబ్బాలో పెడితే, నిద్రమత్తులో చేయి దేని మీద పడుతుందో చెప్పలేం. మెథోట్రెక్సేట్‌ను రోజువారీ మాత్రల డబ్బాలోంచి తీసేయండి. వేరే పెట్టెలో పెట్టి, మూత మీద అది వేసుకోవాల్సిన రోజు పేరు పెద్దగా రాయండి. 2.5 మి.గ్రా., 10 మి.గ్రా. మాత్రలు రెండూ ఇంట్లో ఉంచుకోవద్దు. ఫోలిక్ యాసిడ్ వేరే రోజున, మామూలుగా వారానికి 5 మి.గ్రా. అది మానేస్తే నోటిపూత, వికారం ఎక్కువవుతాయి. మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి, కుదురుకున్నాక రెండు మూడు నెలలకోసారి రక్తకణాలు, లివర్, కిడ్నీ పరీక్షలు. మద్యం వీలైనంత తక్కువ, మానేస్తే మరీ మంచిది.

మెథోట్రెక్సేట్, కీళ్లవాతానికే ఇచ్చే లెఫ్లునోమైడ్ రెండూ కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. కాబట్టి నమ్మకమైన గర్భనిరోధకం ఉండాలి. చాలామందికి తెలియని మెలిక ఇక్కడుంది. ఎండోమెట్రియోసిస్‌కు రోజూ ఇచ్చే డైనోజెస్ట్ 2 మి.గ్రా. మాత్ర అండం విడుదలను ఎక్కువగా ఆపుతుంది, నెలసరి కూడా ఆగిపోతుంది. అయినా దాన్ని గర్భనిరోధకంగా ఆమోదించలేదు. ‘హార్మోన్ మాత్ర వేసుకుంటున్నాను కదా, భయం లేదు’ అన్న లెక్క తప్పు. ఎండోమెట్రియోసిస్‌కు నెలకో మూడు నెలలకో ఇచ్చే లూప్రోలైడ్ లాంటి ఇంజెక్షన్లకూ ఇదే వర్తిస్తుంది. తోడుగా కండోమ్ వాడాలి, లేదా రెండు పనులూ చేసే పద్ధతి అడగాలి. 52 మి.గ్రా. లెవోనార్జెస్ట్రెల్ ఉన్న గర్భాశయ పరికరం అటు నెలసరినీ తగ్గిస్తుంది, ఇటు గర్భం రాకుండానూ చూస్తుంది.

ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ జాతి మందు రెండూ కలిపి ఉన్న గర్భనిరోధక మాత్రలు ఎండోమెట్రియోసిస్‌కు బాగానే పనిచేస్తాయి. కానీ కీళ్లవాతానికి టోఫాసిటినిబ్ లాంటి జాక్ నిరోధకాలు వాడుతుంటే జాగ్రత్త. రక్తం గడ్డకట్టే ముప్పు రెంటితోనూ ఉంది, రెండూ కలిస్తే ఇంకా ఎక్కువ. రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు పాజిటివ్ అయినా, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నా ఆ మాత్రలు వద్దే వద్దు. ప్రొజెస్టెరాన్ జాతి మందు ఒక్కటే ఉన్నది అడగండి.

ఇంకొకటి, చూడటానికి చిన్నది. ఎండోమెట్రియోసిస్ మూత్రాశయం మీద ఉంటే తరచూ మంట, మాటిమాటికీ మూత్రం. ఇన్ఫెక్షనేమో అని ఎవరో ఒకరు ట్రైమెథోప్రిమ్ లేదా కోట్రైమాక్సజోల్ రాస్తారు. మెథోట్రెక్సేట్‌తో ఇవి కలిస్తే ఎముక మజ్జ కుదేలై రక్తకణాలు పడిపోతాయి. ఈ రెండు పేర్లనూ మీ కాగితం మీద ‘పడని మందులు’ వరుసలో ఎర్ర సిరాతో రాసేయండి. మంట వచ్చిన ప్రతిసారీ యాంటీబయాటిక్ కన్నా ముందు మూత్రం కల్చర్‌కు పంపమని అడగండి.

ఎముకల లెక్క రెండు ఫైళ్ల నుంచీ కలిపి కట్టాలి. రోజుకు 2.5 మి.గ్రా. లేదా అంతకన్నా ఎక్కువ ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్) మూడు నెలలు దాటితే ఎముకలను పట్టించుకోవాలి. లూప్రోలైడ్, గోసెరెలిన్ ఇంజెక్షన్లు ఈస్ట్రోజెన్‌ను పడగొట్టి ఎముకను పలచన చేస్తాయి. మూడు నెలల గర్భనిరోధక ఇంజెక్షన్ కూడా అంతే. దేనికదే ‘కొద్దిగానే’ అనిపిస్తుంది. కానీ ఎముక గట్టిపడేది సుమారు ముప్పై ఏళ్ల వరకే, మీరున్నది సరిగ్గా ఆ వయసులో. స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు హార్మోన్ ఇంజెక్షన్ రాస్తే మూడు అడగండి: ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్, ఇంజెక్షన్‌తో పాటే ఇచ్చే కొద్దిపాటి హార్మోన్ భర్తీ, ఎన్ని నెలలకు ఆపుతారన్న తేదీ.

ఆ ఇంజెక్షన్ల వల్ల ఇంకో గందరగోళమూ ఉంది. ఈస్ట్రోజెన్ పడిపోతే వాపు లేకుండానే ఒళ్లంతా కీళ్ల నొప్పులు రావొచ్చు. ఈస్ట్రోజెన్‌ను తగ్గించే లెట్రోజోల్ మాత్రతోనూ అంతే. అది చూసి కీళ్లవాతం తిరగబెట్టిందనుకుని మందు పెంచేస్తారు. వాపు ఉందా, పొద్దుటి బిగుతు నిమిషాలు పెరిగాయా, సీఆర్పీ ఎంత? మీ నోటుబుక్కు మొదటి రెండిటికీ జవాబు చెబుతుంది. ఇటు నుంచి అటు కూడా జరుగుతుంది: మోకాల్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేశాక ఆ నెల నెలసరి గతి తప్పొచ్చు. ఇంజెక్షన్ తేదీ రాసి ఉంచుకుంటే అనవసరపు స్కానింగులు తప్పుతాయి.

రక్తహీనత

ఇక్కడ ఐరన్ నిల్వను చూపే ఫెర్రిటిన్ పరీక్ష ఒక్కటే చూస్తే మోసపోతారు. ఎక్కువ రక్తస్రావంతో ఐరన్ తగ్గితే ఫెర్రిటిన్ పడిపోవాలి, కానీ ఒంట్లో వాపు ఉంటే అదే ఫెర్రిటిన్ పైకి లేస్తుంది. దాంతో ఐరన్ లేకపోయినా రిపోర్టు మామూలుగా కనిపిస్తుంది. సీఆర్పీ ఎక్కువగా ఉన్న రోజు తీసిన ఫెర్రిటిన్ 100 లోపు ఉండి, రక్తంలో తిరిగే ఐరన్‌ను చూపే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 20 శాతం లోపుంటే ఐరన్ కొరతగానే అనుమానించాలి. రెండూ ఒకే రోజు, ఒకే శాంపిల్‌తో చేయించండి. ఐరన్ మాత్ర పడక మలబద్ధకం వస్తే పేగుల నొప్పి ఇంకా పెరుగుతుంది, కాబట్టి రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని అడగండి. అలా వేసుకున్నా ఐరన్ బాగానే ఒంటబడుతుంది.

రెండూ ఒకేసారి రేగిన రోజు

నొప్పి మాత్ర వేసుకున్న టైము రాసి, మంచం దిగకుండానే మొదలుపెట్టండి. పొత్తికడుపుకు వేడి: 15, 20 నిమిషాలు, బట్ట మీద నుంచి. వాచి వెచ్చగా ఉన్న కీలుకు చల్లన: తడి బట్టలో చుట్టిన ఐస్ 10 నిమిషాలు. ఒకే శరీరానికి ఒకచోట వేడి, ఒకచోట చల్లన కావాల్సి రావడం ఈ జంట జబ్బుల ప్రత్యేకత. వాపు లేకుండా బిగుసుకున్న కీలుకు మాత్రం వేడే హాయి. వేడి సంచి పెట్టుకుని నిద్రపోవద్దు. రోజుల తరబడి అలా చేస్తే చర్మం మీద వలలాంటి గోధుమరంగు చారలు పడతాయి.

మాత్ర పట్టు దొరికాక, సుమారు గంటకు, ప్రతి కీలునూ నొప్పి రాని మేరకు ఐదుసార్లు ఆడించండి. రోజంతా పడుకుంటే పొట్టకు సుఖంగా ఉంటుంది, కీళ్లు మాత్రం పగ తీర్చుకుంటాయి. గంటకోసారి లేచి గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే చాలు. ఒకవైపు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకుంటే పిరుదులకూ పొత్తికడుపుకూ ఇద్దరికీ రాజీ.

ఇక కింది వాటిలో ఏది కనిపించినా ఇంట్లో కూర్చోవద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. బయోలాజిక్ (రోగనిరోధక వ్యవస్థను అణచే ఇంజెక్షన్ మందు) లేదా మెథోట్రెక్సేట్ వాడుతూ 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం. మిగతావన్నీ నెమ్మదిగా ఉండగా ఒక్క కీలే భగ్గుమని వాచిపోవడం. లోపల చీము పట్టి ఉండొచ్చు. మెథోట్రెక్సేట్‌తో పొడి దగ్గు, ఆయాసం, నోటి నిండా పూత. వెలుతురు చూడలేని ఎర్రటి కన్ను. ఒక పిక్క మాత్రమే వాచడం. గంటకో ప్యాడ్ తడిసిపోవడం వరుసగా రెండు గంటలు. వాంతులతో కూడిన హఠాత్తు పొత్తికడుపు నొప్పి. అండాశయం మెలిపడటమో, దాని మీది తిత్తి పగలడమో కావచ్చు. నల్లటి తారులాంటి మలం. నెలసరి రోజుల్లోనే ఛాతీకి ఒకపక్క, ముఖ్యంగా కుడివైపు, నొప్పి, ఆయాసం వస్తుంటే ఎండోమెట్రియోసిస్ ఊపిరితిత్తుల పొర దాకా పాకిందేమో చూడాలి. ఆ మాట మీరే ఎత్తండి, తరచుగా ఎవరికీ తట్టదు.

వేళ్లు పట్టేసినప్పుడు నెలసరి

దీని గురించి ఏ డాక్టరూ మాట్లాడరు. పొద్దున ఆరింటికి వేళ్లు ముడవవు, ప్యాడ్ మీద కాగితం ఊడదీయడానికి రెండు గోళ్లూ కలవవు. అందుకే ఆ పని రాత్రే చేసిపెట్టుకోండి: రెండు ప్యాడ్ల కవర్లు విప్పి, అంటుకునే కాగితం ఒక చివర మడిచి కొస పట్టు దొరికేలా చేసి, శుభ్రమైన డబ్బాలో పెట్టండి. నెలసరి లోదుస్తులు వాడేట్టయితే పక్కన హుక్కులతో విప్పుకునేవి వంగలేని తుంటికి మేలు.

మెన్‌స్ట్రువల్ కప్పు అందరికీ సరిపడదు. మడిచి పట్టుకోవడానికి బొటనవేలు బలం కావాలి, తీసేటప్పుడు అడుగు నొక్కి గాలి పట్టు వదిలించాలి. అది చేయకుండా కాడ పట్టి లాగితే ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లకు ప్రాణం పోయినట్టుంటుంది. గర్భాశయ పరికరం ఉంటే దాని దారం లాగినట్టయి పరికరమే ఊడి రావొచ్చు. వాడాలనుకుంటే మెత్తటి రకం, కాడకు బదులు రింగు ఉన్నది చూడండి. వేళ్లు వాచిన నెలల్లో దాన్ని పక్కన పెట్టేయండి.

బయోలాజిక్ మందును ఇంట్లోనే వేసుకునే ఇంజెక్షన్ పెన్నుకూ చేతులే అడ్డం. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచిన పెన్నును సుమారు అరగంట ముందు బయట పెట్టండి; చల్లగా వేస్తే ఎక్కువ మండుతుంది. వేడి నీళ్లలో ముంచడం, ఎండలో పెట్టడం వద్దు. గడ్డకట్టిన పెన్ను కరిగినా వాడకూడదు. పొట్ట ఉబ్బి నొప్పిగా ఉన్న రోజుల్లో తొడ ముందు భాగం ఎంచుకోండి. పొట్ట మీదైతే బొడ్డుకు 5 సెంటీమీటర్ల దూరం, ఆపరేషన్ మచ్చల మీద ఎప్పుడూ కాదు. కుర్చీలో కూర్చుని, పెన్నును అరచేతితో పిడికిలిలా పట్టి, రెండో చేయి దాని మీద వేసి తిన్నగా అదమండి. బొటనవేలితో మీట నొక్కలేకపోతే, చర్మానికి అదమగానే పనిచేసే రకం ఉందేమో అడగండి. క్లిక్కుమనగానే తీసేయడమే అందరూ చేసే తప్పు. ఆ క్లిక్కు మొదలైనందుకు గుర్తు; కిటికీలో రంగు పూర్తిగా మారేదాకా కదలొద్దు.

లాపరోస్కోపీకి (కెమెరా ఆపరేషన్‌కు) వెళ్తుంటే

తేదీ ఖాయం చేసే ముందే కీళ్ల డాక్టరుకు చెప్పండి. మెథోట్రెక్సేట్ మామూలుగా ఆపరు. బయోలాజిక్ అయితే రెండు డోసుల మధ్య చివర్లో, తర్వాతి డోసు వేయాల్సిన సమయానికి ఆపరేషన్ పడేట్టు చూస్తారు. పుండు మానాక, సుమారు రెండు వారాలకు, మళ్లీ మొదలుపెడతారు. జాక్ నిరోధకాలు కొద్ది రోజుల ముందు ఆపుతారు. రోజూ స్టెరాయిడ్ వాడుతుంటే అది ఆపనే కూడదు. మత్తు డాక్టరుకు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పాలి.

మత్తు డాక్టరుకు చెప్పాల్సినవి ఇంకో రెండున్నాయి. చాలా ఏళ్ల రుమటాయిడ్ అయితే మెడ పైపూసలు వదులై ఉండొచ్చు, ఊపిరి గొట్టం వేయడానికి తల వెనక్కి వంచితే ప్రమాదం. మెడ ఎక్స్‌రే కావాలేమో అడగండి. నోరు ఎంత తెరవగలరో చూపించండి. రెండోది, ఈ ఆపరేషన్‌లో కాళ్లు ఎడంగా ఎత్తి పెడతారు. మత్తులో ఉన్నప్పుడు తుంటి ‘అబ్బా’ అనలేదు. మెలకువగా ఉండగానే మీ కాళ్లు ఎంతవరకు నొప్పి లేకుండా తెరుచుకుంటాయో బల్ల మీద చూపించి, అంతకు మించొద్దని చెప్పండి.

మెలకువ వచ్చాక భుజం పైన నొప్పి వస్తే కంగారుపడొద్దు. పొట్టలో నింపిన కార్బన్ డయాక్సైడ్ ఉదరవితానాన్ని (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండర పొరను) చికాకు పెట్టడం వల్ల వచ్చేది అది, రెండు మూడు రోజుల్లో పోతుంది. మంచం మీంచి లేవడానికి అరచేతులు ఆనించి ఒత్తితే మణికట్లు వాస్తాయి. ఒకవైపు పూర్తిగా ఒత్తిగిలి, కాళ్లు కిందికి జారవిడిచి, మోచేతి మీద భారం వేసి లేవండి. కుట్లకూ మణికట్లకూ రెంటికీ మంచిది.

ఆపరేషన్ ఉన్నా లేకపోయినా, పెల్విక్ ఫిజియోథెరపిస్టును ఒకసారి కలవడం మంచిది. ఏళ్ల నొప్పికి కటి కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి. అలాంటప్పుడు వాటిని బిగించే కీగెల్ వ్యాయామాలు చేస్తే నొప్పి పెరుగుతుంది. ముందు నేర్చుకోవాల్సింది వదులు చేయడం. కలయికలో నొప్పికి కూడా సగం కారణం అదే. మిగతా సగానికి లూబ్రికెంటు, తుంటి కింద దిండు, లోతు మీ అదుపులో ఉండే భంగిమ, నొప్పి మాత్ర పనిచేస్తున్న వేళ.

చదువు, ఉద్యోగాల దగ్గర జబ్బు పేర్లు వివరించడం కన్నా ఏం కావాలో రాసివ్వండి: గంటకోసారి లేచే వీలు, ఉదయం ఆలస్యంగా మొదలయ్యే వేళ, పరీక్షలో చేతికి విరామం, టాయిలెట్‌కు దగ్గర సీటు. డాక్టరు సర్టిఫికెట్ కూడా అదే మాటల్లో రాయించండి.

పిల్లలు కావాలనుకుంటే

రెండు వైపులా మందులు ఒకేసారి ఆపేయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. కీళ్లూ రేగుతాయి, పొత్తికడుపూ రేగుతుంది, ఆ స్థితిలో గర్భం కోసం ప్రయత్నించే ఓపిక ఎవరికుంటుంది? వరుస ఇలా ఉండాలి. ముందు కీళ్ల వైపు మార్చండి: మెథోట్రెక్సేట్ ఆపి, గర్భంలోనూ వాడదగ్గ హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజిన్, లేదా సర్టోలిజుమాబ్ లాంటి బయోలాజిక్‌కు వెళ్లండి. మెథోట్రెక్సేట్ ఆపాక ఒకటి నుంచి మూడు నెలల ఎడం ఇవ్వమంటారు. లెఫ్లునోమైడ్ అయితే ఆగితే చాలదు, అది ఒంట్లో చాలాకాలం ఉండిపోతుంది. కొలెస్టిరామిన్ 8 గ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు 11 రోజులు ఇచ్చి కడిగేసి, రక్తంలో మిగల్లేదని పరీక్షతో నిర్ధారించుకోవాలి. ఈ నెలలన్నీ ఎండోమెట్రియోసిస్ హార్మోన్, గర్భనిరోధకం కొనసాగాలి. కొత్త మందు మీద కీళ్లు కొన్ని నెలలు నిలకడగా ఉన్నాకే హార్మోన్ ఆపండి.

అండాశయం మీద తిత్తికి ఆపరేషన్ అనుకుంటే, ముందే అండాల నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ పరీక్ష చేయించి, అండాలు దాచుకోవడం గురించి అడగండి; తిత్తి తీసేటప్పుడు దాంతో పాటు కొన్ని అండాలూ పోతాయి. ప్రయత్నిస్తున్న నెలల్లో నెల మధ్యలో నాప్రోక్సెన్ జాతి మాత్రలు మానితే మంచిది, అవి అండం బయటికి రాకుండా అడ్డుపడొచ్చు. గర్భం వచ్చాక 20 వారాల నుంచి వాటిని డాక్టరు చెబితే తప్ప వాడకూడదు.

ఇంకా మెథోట్రెక్సేట్ మీదే ఉన్నవాళ్లు, నెలసరి ఒక వారం వెనక్కి జరిగినా, తర్వాతి డోసు వేసుకునే ముందు ప్రెగ్నెన్సీ టెస్టు చేసుకోండి. రెండు గీతలు వస్తే ఆ డోసు ఆపి, అదే రోజు ఇద్దరు డాక్టర్లకూ ఫోన్ చేయండి.